మావయ్యగారి చౌడు పొలం

మొన్న మా గుడివాడ ఇంటి పెరట్లో కొత్త బోరు వేయించాం. వేసవి మొదలయ్యేసరికి పాత బోరు నీళ్ళకి బదులు గాలి వదలడం మొదలుపెట్టింది, ఇక తప్పలేదు. ఆ మిషను మోతకి ఇంటిల్లిపాదీ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగాం. చివరికి బురద తేరి నీళ్ళు తెల్లగా పడుతుంటే అందరూ చుట్టూ చేరి సంబరంగా చూస్తున్నారు. నేను మాత్రం ఆలోచించకుండానే వంగి, చూపుడువేలు ధారలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. "అదేంటత్తయ్యా, సాంబారు రుచి చూసినట్టు?" అని మా కోడలు నవ్వింది. ఆ అలవాటు నాకు మా మావయ్యగారి నుంచి వచ్చింది. ఆయన పోయి చాలా కాలమైంది.

మావయ్యగారంటే మావారి నాన్నగారు. మిలటరీలో చేసి వచ్చిన మనిషి. నేను కాపురానికి వచ్చేటప్పటికే ఆయన పెన్షన్ తీసుకుని ఇంటికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. కొత్తకోడలిని కదా, యుద్ధం కబుర్లు చెబుతారేమోనని ఆశపడ్డాను. మంచుకొండల్లో కాపలా కాశారనీ, ఒకసారి కాలికి దెబ్బ తగిలిందనీ అత్తయ్యగారు చెబితే తెలిసింది గానీ, ఆయన్ని అడిగితే "చలి అమ్మాయ్, మహా చలి" అనేసి గొడ్లకి గడ్డి వేయడానికి వెళ్ళిపోయేవారు. మిలటరీ నుంచి ఆయన తెచ్చుకున్నది నాకు ఒక్కటే కనిపించింది, కూర్చోకపోవడం. కాఫీ నిలబడి తాగేవారు, పేపరు నిలబడి చదివేవారు. నా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా నాన్న కుర్చీ చూపిస్తుంటే, పర్వాలేదండీ పర్వాలేదండీ అంటూ గుమ్మం పక్కనే నిలబడ్డారు. ఆయనకి ఎందుకో కోపమొచ్చిందని మా అమ్మ హడలిపోయింది.

మాజీ సైనికులకి ఇచ్చే భూమిలో ఆయనకీ కాస్త వచ్చింది, దివిసీమలో సముద్రం వైపు. వచ్చిందని అందరూ సంతోషించారట గానీ, తీరా వెళ్ళి చూస్తే ఉత్త చౌడు. ఎండాకాలం వస్తే పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. పీతలు తప్ప ఏవీ బతకవు. అప్పడాలు ఎండబెట్టుకోవడానికి బాగుంటుందని ఊళ్ళోవాళ్ళు వేళాకోళం చేశారట. ఆయన నవ్వి ఊరుకుని గట్లు వేయడం మొదలుపెట్టారు. కాలవ నీళ్ళు వచ్చినప్పుడు పొలం నిండా పెట్టి, కొన్నాళ్ళు నిలవ ఉంచి, ఉప్పు కరిగాక తూము ఎత్తి మురుగుకాలవలోకి వదిలేయాలి. మళ్ళీ పెట్టాలి, మళ్ళీ వదలాలి. మధ్యలో పచ్చి ఎరువు కోసం జీలుగ చల్లి, అది నడుమెత్తు పెరిగాక పచ్చిగానే దున్నేయాలి. ఏళ్ళ తరబడి ఇదే పని. ఈలోగా ఇంట్లో తన పిల్లలూ, చనిపోయిన తమ్ముడి పిల్లలూ అన్నం తినాలి కదా. అందుకని బందరులో ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగంలో చేరారు. తెల్లవారకుండా పొలం, ఆ తర్వాత బందరు బస్సు, సాయంత్రం మళ్ళీ పొలం మీదుగా ఇల్లు. కూర్చోమని బ్యాంకువాళ్ళు స్టూలు ఇస్తే దానిమీద అన్నం క్యారేజీ పెట్టుకునేవారట.

మొదట్లో ఒక పొరపాటు చేశారు. ఓ అమావాస్య నాడు పొద్దున్నే తూము ఎత్తేసి, సాయంత్రానికి ఉప్పునీళ్ళు దిగిపోతాయిలే అని బస్సెక్కేశారు. కొండల్లో ఉండి వచ్చిన మనిషికి అమావాస్యకి సముద్రం పోటు ఎక్కువన్న సంగతి గుర్తు లేదు. ఆయన బందరులో నిలబడి ఉండగా పోటు వచ్చి, మురుగుకాలవ వెనక్కి ఎగదన్ని, తెరిచి ఉన్న తూములోంచి సముద్రం నీళ్ళు పొలంలోకి వచ్చేశాయి. అప్పుడప్పుడే చప్పబడుతున్న చేను మళ్ళీ ఉప్పుమడి అయిపోయింది. దేశానికి కాపలా కాశారు గానీ తూముకి కాయలేకపోయారని అత్తయ్యగారు నేను వచ్చాక కూడా దెప్పుతుండేవారు. ఆయన కాదనేవారు కాదు. ఆ రోజు నుంచి ఏ నీళ్ళు కనిపించినా ముందు వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం మొదలైంది. కాలవ నీళ్ళు, పొలం నీళ్ళు, ఆఖరికి పెళ్ళిళ్ళలో ఇచ్చిన గ్లాసుడు నీళ్ళు కూడా. అలాంటి మనిషి, నేను కొత్తలో ఉప్పు మరిచిపోయి వండిన వంకాయ కూర మారు వడ్డించుకుని మరీ తిన్నారు. చప్పగా ఉండటం ఆయన లెక్కలో వంకాయకైనా గొప్పే.

నేను వచ్చిన కొన్నాళ్ళకి ఆ చేను పండింది. ఆ బియ్యంతో అత్తయ్యగారు వండి అందరికీ వడ్డించారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, బాగుందన్నారు. ఆ తర్వాత ఆ పొలం మమ్మల్ని చాలా ఏళ్ళు పోషించింది. పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ దాని మీదే గడిచాయి.

తర్వాత చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి. ఎవరినీ తప్పు పట్టలేం, అందరికీ ఇళ్ళు గడవాలి. కానీ చెరువుల్లో ఏడాది పొడుగునా ఉప్పునీళ్ళు నిలిచి ఉంటే గట్టు కింది నుంచి ఊట మన చేలోకి దిగుతుంది. మనమూ చెరువుకి ఇచ్చేద్దామని మావారూ మా మరిదీ అన్నారు. మావయ్యగారు వద్దని, గట్టు వెంబడి ఊట పట్టే కాలవ తవ్వుకుంటూ కూర్చున్నారు. కూర్చున్నారని మాటవరసకి అన్నాను, నిలబడే తవ్వారు. అప్పటికి బ్యాంకు ఉద్యోగం అయిపోయింది, మోకాళ్ళూ అరిగిపోయాయి. అత్తయ్యగారు నడవలేక క్యారేజీ నా చేత పంపేవారు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి ఆయన మడిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటున్నారు. మళ్ళీ ముంచారు, మళ్ళీ పెట్టుకున్నారు. నన్ను చూసి దగ్గరికి రమ్మన్నారు. "అమ్మాయ్, నువ్వోసారి చూడు. ఈమధ్య నా నాలుకకి ఏదీ తెలియడం లేదు," అన్నారు.

నేను వేలు ముంచి చూశాను. పైరు కొసలు అప్పటికే ఎర్రబడుతున్నాయి. ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. చప్పగానే ఉన్నాయని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ నాలుకతో బతికిన మనిషికి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఉప్పగానే ఉన్నాయండీ మావయ్యగారూ."

ఆయన తలూపారు. చేను మొత్తం ఒకసారి చూసుకున్నారు.

"సరేనమ్మా. అయితే ఇక కూర్చోవచ్చు," అన్నారు. గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

నాకు చాలా ఏడుపొచ్చింది. ఆయన ఎంత అలిసిపోయి ఉన్నారో అప్పుడు తెలిసింది నాకు. క్యారేజీ విప్పి ఆయన పక్కనే కూలబడ్డాను. మామాకోడళ్ళం అలా పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

ఆ ఏడే పొలం చెరువుకి ఇచ్చేశాం. ఆ తర్వాత ఉన్న నాలుగేళ్ళూ ఆయన వరండాలో కుర్చీలోనే ఉన్నారు. పొలం సంగతి ఎత్తలేదు, మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచనూ లేదు.

"ఇంతకీ ఎలా ఉన్నాయత్తయ్యా?" అని మా కోడలు మళ్ళీ అడిగింది. ఉప్పగానే ఉన్నాయని చెప్పి, నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒక మనిషి ఆయుష్షంతా నిలబడి వెనక్కి నెట్టిన ఉప్పు, ఆయన కూర్చున్నాక తీరిగ్గా గుడివాడ దాకా వచ్చినట్టే అనిపించింది. కాలం అంతేలే అనుకున్నాను. అయినా ఆ ఉప్పు వెళ్ళి మళ్ళీ వచ్చిన మధ్యలోనే కదా, మేమందరం ఆయన చేతి అన్నం తిన్నది.