మెషిన్‌లో విన్న గుండె చప్పుడు

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాను. మామూలుగా నేను అలా ఒరగగానే కడుపులో బిడ్డ మేలుకునేది. పక్కటెముకల కింద ఒక తన్ను, కాసేపటికి ఇంకొకటి. ఆ రోజు ఏమీ లేదు. కడుపు బరువుగా, ఒక పక్కకు జారినట్టు ఉంది. చేత్తో మెల్లగా తట్టాను. లేచి చల్లటి నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాను. కదలలేదు.

నా పేరు మంజుల. తాండూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయన శ్రీకాంత్ అక్కడే నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో సూపర్‌వైజర్. నాకు అప్పుడు తొమ్మిదో నెల. మొదటి కాన్పు కాబట్టి వికారాబాద్‌లో మా అమ్మ దగ్గర ఉన్నాను.

తాండూరు నుంచి రైల్లో వచ్చి చేయించుకున్న ఏడో నెల చెకప్‌లోనే బీపీ కొంచెం ఎక్కువగా ఉందన్నారు. వికారాబాద్‌లో నన్ను చూసే డాక్టరమ్మ మాత్రలు రాసి, ఇంట్లో బీపీ చూసుకునే మెషిన్ కొనుక్కోమన్నారు. నా ఫోన్‌లో ఒక యాప్ వేయించారు. పొద్దున, సాయంత్రం బీపీ చూసి అందులో ఎక్కిస్తే హాస్పిటల్లో వాళ్లకు కనిపిస్తుంది, ఎక్కువైతే వాళ్లే ఫోన్ చేస్తారు. "ఊకె రైలెక్కి రావాల్సిన పని లేదమ్మా, నీ బీపీయే నా దగ్గరికి వస్తది" అన్నారు నవ్వుతూ. నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

డాక్టర్ చెప్పకుండా మేమే తెచ్చుకున్నది ఇంకొకటి ఉంది. బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మెషిన్. డాప్లర్ అంటారు. శ్రీకాంత్ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. పొట్టకు జెల్ రాసి ఆనిస్తే టకటకమని చప్పుడు వస్తుంది, తెర మీద అంకె పడుతుంది. ఆయన తాండూరులో, నేను వికారాబాద్‌లో. డ్యూటీ దిగగానే వీడియో కాల్ చేసి "పెట్టు, జర ఇననియ్యి" అనేవాడు. ఒంటి నిండా రాతి దుమ్ముతో, ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. మా పెళ్లయ్యాక అంత సంతోషంగా ఉన్న రోజులు అవే.

కదలిక లేదని అమ్మతో చెప్పాను. అమ్మ తోమే గిన్నె పక్కన పెట్టి వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేసింది.

"నెలలు నిండుతుంటే లోపల జాగ సాలదు బిడ్డా. గందుకే మెల్లగుంటది. జర తీపి ఏమన్న తిను, లేస్తది."

అమ్మ నన్ను మభ్యపెట్టాలని అన్న మాట కాదు. ఆమెకు ఆమె తల్లి చెప్పిందే నాకు చెప్పింది. బెల్లం ముక్క తిన్నాను. లేవలేదు.

అప్పుడు డాప్లర్ పెట్టాను. ఎప్పుడూ దొరికే చోట చప్పుడు దొరకలేదు. కిందికి, పక్కకు జరిపాను. చివరికి ఒకచోట చప్పుడు వినిపించింది. తెర మీద నూట పన్నెండు. శ్రీకాంత్‌కు కాల్ చేసి వినిపించాను.

"కొట్టుకుంటున్నది గద! ఇంక ఎందుకు పరేషాన్ అయితున్నవ్?"

"ఎప్పుడు నూట నలభై మీద ఉండేది. ఇప్పుడు గింతే ఉన్నది."

"పండుకున్నదేమో. నూట పది దాటితే నార్మలే అని దాని డబ్బ మీదనే రాసున్నది. ఫికర్ చెయ్యకు. పొద్దుగాల నేనే వస్త, ఇద్దరం పోదాం."

ఆ సాయంత్రం నా బీపీ ఎప్పటిలాగే ఉంది. యాప్‌లో ఎక్కించాను. ఎవరూ ఫోన్ చేయలేదు. చేయాల్సిన అవసరం అందులో కనిపించలేదు.

మర్నాడు శ్రీకాంత్ మొదటి రైలుకే వచ్చాడు. హాస్పిటల్లో ముందు నర్సు చూసింది. గుండె చప్పుడు కోసం చాలాసేపు వెతికింది. నా ముఖం వైపు చూడకుండా "మేడమ్‌ను పిలుస్త" అని వెళ్లిపోయింది. డాక్టరమ్మ వచ్చి స్కాన్ చేశారు. ఎప్పుడూ స్కాన్ చేస్తూ మాట్లాడేవారు, "ఇది చెయ్యి, ఇది వెన్ను" అని. ఆ రోజు తెరను తన వైపు తిప్పుకున్నారు.

"బిడ్డ గుండె కొట్టుకోవట్లేదమ్మా" అన్నారు. "ఐ యామ్ సారీ."

శ్రీకాంత్ ఒప్పుకోలేదు. "లేదు మేడమ్. నిన్న కొట్టుకున్నది. మేమిద్దరం ఇన్నం" అని సంచిలోంచి మా డాప్లర్ తీశాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. దాన్ని నా పొట్టకు ఆనించారు. చప్పుడు వచ్చింది. శ్రీకాంత్ ముఖం వెలిగింది. ఆమె నా మణికట్టు పట్టుకుని, ఆయన వేళ్లు నా నాడి మీద పెట్టించారు. మెషిన్‌లో చప్పుడు, నా నాడి ఒకేసారి కొట్టుకుంటున్నాయి.

"ఇది మంజుల గుండె. భయపడితే తల్లి నాడి కూడా వంద దాటుతది. తల్లిది ఏదో, బిడ్డది ఏదో ఈ మెషిన్‌కు తెలియదు. అందుకే ఇంట్లో వాడమని మేము చెప్పం."

ముందు రోజు నేను నా గుండె చప్పుడే విని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

ఆపరేషన్ చేసి తీసేయమని బతిమాలాను. నార్మల్ డెలివరీయే నీకు మంచిదన్నారు. నొప్పులు రావడానికి మందు పెట్టారు. నొప్పుల మధ్యలో బీపీ ఒక్కసారిగా పెరిగింది. ప్రీఎక్లాంప్సియా అన్నారు, కడుపుతో ఉన్నవాళ్లకు బీపీ పెరిగి ఫిట్స్ దాకా తెచ్చే జబ్బు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లంతా మంట పెట్టినట్టు అయింది. ఆడపిల్ల పుట్టింది. ఏడుపు లేదు. నర్సు శుభ్రంగా తుడిచి, తెల్లటి బట్టలో చుట్టి, "చూస్తవా అక్కా?" అని అడిగింది. చూస్తానన్నాను. ఒత్తుగా జుట్టు, శ్రీకాంత్ గడ్డం. గోళ్లు కూడా పెరిగి ఉన్నాయి. అమ్మ ఒళ్లో పెట్టుకుని నుదుటి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది.

ఇంటికి వచ్చాక పాలు పడ్డాయి. దీని గురించి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. రొమ్ములు రాళ్లలా గట్టిపడి, రవిక తడిసిపోతుంటే బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఆగిపోవడానికి మందు ఉంటుందని అడిగాకే తెలిసింది. ముందే అడిగి ఉండాల్సింది.

ఒకరోజు విపరీతమైన తలనొప్పి. నిద్ర లేకపోవడం వల్లే అనుకున్నాను. అమ్మ బలవంతం మీద బీపీ చూసి యాప్‌లో ఎక్కించాను. కాసేపట్లోనే హాస్పిటల్ నుంచి నర్సు ఫోన్ చేసింది. "అక్కా, కండ్ల ముంగట మెరుపులు వస్తున్నయా? ఏం సర్దుకోకుండ్రి, ఉన్నట్టుగ రాండ్రి." మళ్లీ అడ్మిట్ చేశారు. కాన్పు తర్వాత కూడా ఈ జబ్బు ఇలా తిరగబెడుతుందట. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టరమ్మ అన్నారు. ఆ ఫోన్ నన్ను బతికించింది. కానీ ఆ రోజు నాకు బతకాలన్న ఆశ ఏమంత లేదు.

డిశ్చార్జ్ అయి వచ్చాక అదే యాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. మీ పాపాయి ఇప్పుడు మీ ముఖం గుర్తుపడుతుంది, నవ్వుతూ మాట్లాడండి అని. కాన్పు తేదీ దాటింది కాబట్టి దానంతట అదే వచ్చేసింది. అలాంటి మెసేజ్‌లు ఎలా ఆపాలో తెలియలేదు. యాప్ వాళ్ల నంబర్‌కు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"మా పాప చనిపోయింది. అది ఎక్కడ రాయాలి?"

"అక్కా, మా స్క్రీన్‌ల గట్ల రాయనీకి జాగనే లేదు" అంది. "నేను మా సార్లకు చెప్త. మీకు మళ్ల రాకుంట చూస్త." ఆ తర్వాత రాలేదు.

అమ్మ అన్నం మానేసింది. "నేనే తీపి తినుమన్న" అని తనలో తను అనుకునేది. "నేనే తెచ్చిన ఆ మెషిన్" అని శ్రీకాంత్. తర్వాతి చెకప్‌కు ఇద్దరినీ తీసుకువెళ్లాను. డాక్టరమ్మ వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"లోపల బిడ్డకు రక్తం అందించే మాయ సరిగా పనిచేయలేదు. అది మీరు చేసింది కాదు. ముందు రోజు వస్తే దక్కేదా అంటే, దక్కేదని చెప్పలేను, దక్కేది కాదని కూడా చెప్పలేను."

దక్కేది కాదని చెప్పలేనన్న ఆ మాటను మోస్తూనే మేము బతుకుతున్నాం.

వచ్చేముందు శ్రీకాంత్ తన ఫోన్‌లో అంతకుముందు రికార్డ్ చేసుకున్న చప్పుడు ఆమెకు వినిపించాడు. "ఇది కూడా మంజులదేనా మేడమ్?" ఆమె గడియారం చూస్తూ దాని వేగం లెక్కపెట్టారు. "కాదు. ఇది మీ పాపదే" అన్నారు. ఆయన టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం అదే మొదలు.

ఇప్పుడు తాండూరులో మళ్లీ బడికి వెళ్తున్నాను. బీపీ మాత్రలు ఆగిపోయాయి. ఈసారి కడుపు వస్తే బీపీ ఇలా పెరగకుండా మొదటి నెలల నుంచే ఆస్పిరిన్ ఇస్తామని, తరచూ స్కాన్ చేస్తామని డాక్టరమ్మ చెప్పారు. మేమింకా ఏమీ అనుకోలేదు. పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే మొదట్లో తల దించుకునేదాన్ని. ఇప్పుడు "ఒక ఆడపిల్ల పుట్టింది, దక్కలేదు" అని చెబుతున్నాను.

కడుపుతో ఉన్న చెల్లెళ్లకు ఒక్క మాట. బీపీ మెషిన్ వాడండి, డాక్టర్ చెప్పిన యాప్ వాడండి, తలనొప్పి వస్తే దాచుకోకండి. కానీ బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే ఏ మెషిన్ పెట్టి చూడకండి, తీపి తిని ఎదురుచూడకండి, తోడు వచ్చేవాళ్ల కోసం ఆగకండి. ఆటో ఎక్కి హాస్పిటల్‌కు వెళ్లిపోండి. దారిలో బిడ్డ కదిలినా వెనక్కి తిరగకండి. డాక్టర్ ఒకసారి చూశాక నవ్వుకుంటూ తిరిగి రావచ్చు.