తాత చెయ్యి తీసేదాకా

మా బావ దశరథ్ పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. మనిషి దుక్కలా ఉంటాడు గానీ నలుగురిలో నోరు పెగలదు. చర్చిలో అయ్యగారు "ఎవరైనా ప్రార్థన చేయండి" అన్నారంటే, చెప్పులు ఉన్నాయో లేవో చూసుకోవడానికి బయటికి పోయే రకం. నేను ఎగతాళి చేస్తే, "మా నాయిన ఉన్నడు కద బామ్మర్దీ, ఇంటికి ఒక్క నోరు సాలదా?" అనేవాడు.

ఆ ఒక్క నోరూ ఊరంతటికీ సరిపోయేది. బావ తండ్రి చిన్నరాములు వయసులో ఉండగా పొలాల్లో కూలికి పోయాడు. ఆ పొలాలు కంపెనీలయ్యాక వాటి గేటు దగ్గరే వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. బాప్తిస్మం నాడు పేరు మారుస్తామంటే ఒప్పుకోలేదట. "గీ పేరు పెట్టి పిల్సే కద దేవుడు నన్ను దొరకవట్టిండు. మారిస్తె మళ్ల యాడ దేవులాడుతడు?" అన్నాడట. అక్షరం ముక్క రాదు, బైబిల్ వాక్యమంతా చెవితో పట్టుకున్నదే.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. డ్యూటీకైనా, పరీక్షకైనా, దవాఖానకైనా, గడప దాటేవాళ్ళు పెద్దాయన ముందు మోకరించాలి. ఆయన తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన మొదలుపెట్టేవాడు. కంపెనీలో బాయిలరూ, వాగులో నీళ్ళూ, రేకుల గదుల్లో ఉండి పనిచేసే బీహార్ పిల్లలూ, అక్కడ ఊళ్ళల్లో ఉన్న వాళ్ళ తల్లులూ, అందరూ వరసగా వచ్చేవాళ్ళు. ఈలోగా చాయ్ మీద మీగడ కట్టేది. అన్నిటికీ చివర బర్రె. వాగు పాడై మేత కరువై దాన్ని ఎప్పుడో సదాశివపేట అంగట్లో అమ్మేశారు. అయినా ప్రార్థనలోంచి మాత్రం అది కదల్లేదు.

"అమ్మిన బర్రెకు ప్రార్థనేంది పెద్దాయనా?" అంటే నన్ను కసిరాడు. "మనింట్ల లేకుంటె మనది కాకుండ పోతదా?"

కిందటి ఎండాకాలం పక్షవాతమొచ్చి ఆ నోరు మూతపడింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది. బావ పొద్దున డ్యూటీకి పోయేముందు ఆ చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని, కాసేపుండి, మాట లేకుండానే లేచి వెళ్ళేవాడు. "నాయినతోనే మా ఇంటి దీవెన బందయ్యేటట్టున్నది" అని ఒకసారి నా ముందే ఏడ్చాడు. నువ్వే చెయ్యరాదా అంటే, "నా మాట దేవుని దాక పోతదా?" అన్నాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఇంతలో బావ బిడ్డ రవళి పెండ్లి వచ్చింది. గుమ్మడిదల సంబంధం. చర్చికి పోవడానికి వాకిట్లో కారు ఆగివుంది. తెల్లచీరలో పిల్ల తాత మంచం ముందు మోకరించింది. అయ్యగారు ప్రార్థన చేయబోతే ఆపింది.

"జెర ఆగుండ్రి అయ్యగారూ. గా దీవెన మా ఇంటోళ్ళ నోటితోనే రావాలె. అప్పటిదాక నేను గడప దాట."

అచ్చం తాత మొండితనమే. డ్రైవర్ హారన్ కొట్టాడు. మా అక్క బావను చూసింది, బావ నేలను చూశాడు. అప్పుడు పెద్దాయన ఎడమచేత్తో కొడుకు మణికట్టు పట్టి లాగి, ఆ చేతిని మనవరాలి తల మీద పెట్టి, పైన తన చెయ్యి ఆనించాడు.

"తండ్రీ..." అని బావ ఆగిపోయాడు. కాసేపటికి మాట కదిలింది. బాయిలర్ వచ్చింది, వాగు వచ్చింది, బీహార్ పిల్లలొచ్చారు, కొత్త జంట వచ్చింది. అన్నీ పెద్దాయన మాటలే, ఆ సాగదీతా ఆయనదే. పుట్టినప్పటి నుంచి తల వంచి విన్నది ఎక్కడికి పోతుంది! "ఆమెన్" అని బావ చెయ్యి తీయబోయాడు.

పెద్దాయన తీయనివ్వలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఎందుకో ఎవరికీ తోచలేదు. తల వంచుకునే రవళి మెల్లగా అంది: "నాయినా, బర్రె."

అందరం గొల్లున నవ్వాం. బావ కూడా నవ్వుతూనే మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఏండ్ల తరబడి మేము విని నవ్విన మాటలే అందుకున్నాడు.

"ప్రభువా, అది మా కండ్ల ముందట లేదు. ఏ ఇంట్ల ఉన్నా దాన్ని నువ్వే సూడాలె. గా ఇంటోళ్ళ మనసు మెత్తగుంచు. ఆల్ల ఇంట్ల ఉన్నా అది మాదే..."

అక్కడ బావ కళ్ళు తెరిచి కూతుర్ని చూశాడు. మా నవ్వులు ఆగిపోయాయి. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. తండ్రి చేతి కింద రవళి వెక్కివెక్కి ఏడ్చింది. అప్పుడు తీశాడు పెద్దాయన చెయ్యి.

మా అక్కను ఆ ఇంటికిచ్చినందుకు దేవునికి వెయ్యి స్తోత్రాలు. ఇప్పుడు పొద్దున్నే తండ్రి చెయ్యి తల మీద పెట్టుకుని బావే ప్రార్థన చేస్తున్నాడు, చాయ్ మీద మళ్ళీ మీగడ కడుతోంది. "అమ్మిన బర్రె పక్కన నా పేరేంది నాయినా?" అని రవళి ఫోన్లో కొట్లాడుతుంది. ఏం చేస్తాడు పాపం! బర్రె తర్వాత రవళి పేరు వచ్చేదాకా పెద్దాయన చెయ్యి తీయడు.