రాజు ఈడే ఉంటాడు

తొంభైల్లో మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో నాతోపాటు రైలెక్కే టైపిస్టు అక్క తమిళ చారిత్రక నవలలు చదువుతూ, ఆ భాష చదవడం రాని నాకు తెలుగులో కథ చెప్పేది. సరిగ్గా రాజు కత్తి దూసే వేళకి మేం దిగే స్టేషన్ వచ్చేది. జడలోని పిన్ను తీసి పేజీకి పెట్టి, పుస్తకం మూసేది.

"రాజు ఈడే ఉంటాడు మా, యాడికీ పోడు."

ఉండబట్టలేక దుకాణాల బోర్డులు చూసి తమిళ అక్షరాలు కూడబలుక్కున్నాను. ఒకరోజు నవల లాక్కుని చివరి అధ్యాయం నేనే చదివేశాను. మర్నాడు అక్క సంచిలోంచి ఒకటో తరగతి తెలుగు వాచకం తీసింది.

"ఇంట్లో తెలుగే గానీ, బళ్ళో నేర్పింది అరవమే. తెలుగు రాజుల కథలు నేనే చదవాల."

అక్క 'ఋ' దగ్గర తడబడుతుండగా స్టేషన్ వచ్చేసింది. ఆమె జడలోని పిన్ను నేనే లాగి పేజీకి పెట్టాను.

"ఈడే ఉంటుందక్కా, యాడికీ పోదు."