ఆపమన్న మాత్ర

నా తమ్ముడి గుండె ఇప్పుడు బాగానే ఉంది. రెండోసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు అబ్లేషన్ చేశాక ఏడాదిగా దడ రాలేదు. అయినా వాడు మెట్లెక్కుతూ ఒక్క క్షణం ఆగితే చాలు, నేను చేసిన పని గుర్తొస్తుంది.

అమ్మ పోయాక వాణ్ని పెంచింది అక్కనైన నేనే. ఇంట్లో నా మాటకు ఎదురులేదు. వాడికి మా ఊరు జహీరాబాద్‌లోనే ఫ్యాక్టరీలో పని, మా ఇంట్లోనే ఉండేవాడు. ఉన్నట్టుండి గుండె పరుగెత్తేది, కళ్లు బైర్లు కమ్మేవి. హైదరాబాద్‌లో డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగలు గుండెలోకి పంపి, కావాలనే దడ రప్పించి, అదెక్కడ పుడుతోందో చూసి ఆ చోటును కాలుస్తారట, అదే అబ్లేషన్. చాలామందికి నయమవుతుంది, కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుంది, ఎప్పుడో ఒకరికి ప్రాణం మీదికి వస్తుంది అన్నాడు. నాకు ఆ చివరి ముక్కే చెవిలో మిగిలింది. దానికి ఐదు రోజుల ముందు నుంచి, దడ రాకుండా వేసుకునే మాత్ర ఆపాలని, ఇబ్బందైతే ఫోన్ చేయమని కూడా చెప్పాడు.

రెండో రోజే దడ వచ్చింది. చెమటతో తడిసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చూడలేకపోయాను. ఫోన్ చేయాలని తోచలేదు. తోచినా చేసేదాన్ని కాదేమో, అన్నీ నాకే తెలుసుననే పొగరు నాది. మూడో రోజు నుంచి మాత్ర నూరి, వాడికి తెలియకుండా అల్లం చాయ్‌లో కలిపి ఇచ్చాను.

ఆపరేషన్ బల్ల మీద ఎంత ప్రయత్నించినా దడ రాలేదు. అది రానిదే ఎక్కడ కాల్చాలో వాళ్లకు తెలియదు. "మాత్రలు ఆపారు కదా?" అని బయటికి తెచ్చాక డాక్టరు అడిగితే, "ఆపిన సార్" అన్నాడు తమ్ముడు. నేను పక్కనే ఉన్నాను. ఏమీ చేయకుండానే ఇంటికి పంపించారు.

నిజం రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రెండేళ్లు గడిచాయి. కోహీర్ నుంచి వచ్చిన చిన్నాయన "లోపల తీగలేసి చూసినా ఏం దొరకలే. నీది ఉత్త భయంరా" అన్నాడు. ఇంటిల్లిపాదీ అదే మాట పట్టుకున్నారు. వాడు దడ వచ్చిందని చెప్పడమే మానేశాడు. వచ్చినప్పుడల్లా గదిలోకి పోయి తలుపు మూసుకునేవాడు. ఆ మూసిన తలుపు ఇప్పటికీ నా కళ్లలోంచి పోదు.

చివరికి ఫ్యాక్టరీలో మిషను పక్కనే పడిపోయాడు. మళ్లీ వెళదామంటే ఒప్పుకోలేదు.

"దవాఖాన ఎందుకక్కా? నా దిమాకే ఖరాబైంది. మంచిగున్న గుండెను పట్టుకొని ఏడుస్తున్న."

అప్పుడు చెప్పాను. వంటింటి గడపలో నిలబడి, వాడి మొహం చూడకుండా, చాయ్ సంగతి మొత్తం చెప్పాను. కొట్టినా పడదామనుకున్నాను.

"అంటే నాది భ్రమ కాదన్నట్టేనా?" అన్నాడు. గొంతులో ఎంత సంతోషమో! తలెత్తి చూశాను. అప్పటికే ఆ సంతోషం మొహంలోంచి పోతోంది.

"రెండేండ్లు నన్ను నేనే పిచ్చోన్ననుకుంటుంటే, ఎట్ల చూసుకుంట కూసున్నవక్కా?"