నడకమ్మ కూర్చున్న ఆరు నిమిషాలు

ఊపిరితిత్తుల రక్తపోటు మీద పరిశోధన సాగే ఆ విభాగంలో, రెండో అంతస్తు వసారా పొడవు సరిగ్గా ముప్పై మీటర్లు. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి నారింజరంగు ప్లాస్టిక్ కోన్లు ఉంటాయి. వాటి మధ్య రోగి తన శక్తికొద్దీ ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవాలి. ఎన్ని మీటర్లు నడిచిందీ కాగితం మీద నమోదు చేయాలి. పదకొండేళ్లుగా ఆ బాధ్యత నిర్వహించిన ఉద్యోగినిని రోగులూ సిబ్బందీ నడకమ్మ అనే పిలిచేవారు. ఆమె విషయమై పై కార్యాలయానికి వెళ్లిన ఉత్తరానికి శుభ్రప్రతి రాసినవాణ్ణి కనుక, ఇక్కడ చెప్పే అంకెలకు నేను పూచీ.

ఇది చేతికి పట్టీ చుట్టి చూసే రక్తపోటు కాదు. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళాలు లోలోపల ఇరుకైపోవడం వల్ల వచ్చేది. ఆ ఇరుకులోకి రక్తాన్ని నెట్టి నెట్టి గుండె కుడివైపు గది మొదట మందమవుతుంది, ఆపైన సాగిపోతుంది, చివరకు చేతులెత్తేస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు, ఒక్కోసారి ఉన్నట్టుండి స్పృహ తప్పడం దాని గుర్తులు. గుండె స్కానింగు, మెడనరం గుండా సన్నని గొట్టం పంపి లోపలి ఒత్తిడి కొలిచే పరీక్ష ఉన్నాయిగాని, వాటిని నెలనెలా చేయరు. ఒక పరీక్షకూ మరో పరీక్షకూ నడుమ గుండె సంగతి చెప్పవలసింది ఈ నడకే.

నడకమ్మ ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. ఇంట్లో కంచం చేతపట్టుకుని గదిలో తిరుగుతూ భోజనం ముగించేది. భర్త లిఫ్టు మెకానిక్కు.

"పొద్దంతా లిఫ్టులు పైకీ కిందకీ. ఇంటికొస్తే నువ్వు అటూ ఇటూ. నేనెటు చూడనే? కళ్లు తిరిగిపోతున్నాయి!" అనేవాడాయన.

పరీక్షకు సంబంధించిన నిబంధన మాత్రం ఆమె స్వభావానికి పూర్తిగా విరుద్ధం. పరీక్షించే వ్యక్తి మొదటి కోను పక్కనున్న కుర్చీ వదలరాదు. నిమిషానికొకసారి అచ్చులో ఉన్న వాక్యం తప్ప వేరే మాట పలకరాదు. రోగితో కలిసి నడవరాదు. మొదటి ఏడేళ్లూ ఆమె దీన్ని పళ్లబిగువున పాటించింది. నాలుగేళ్ల క్రితం ఒక పెద్దాయన అవతలి కోను దగ్గర స్పృహ తప్పి, నుదురు గోడకు కొట్టుకుని కూలిపోయాడు. ఆ ముప్పై మీటర్లు పరుగెత్తి చేరేసరికి ఆయన చొక్కా కాలరు ఎర్రబడింది. ఆయన కోలుకున్నాడు, కుట్లు కూడా మానాయి. ఆమె మాత్రం ఆనాటి నుంచి కుర్చీలో కూర్చోలేదు. ప్రతి రోగికీ రెండడుగుల వెనక, పడితే పట్టుకోవడానికి, తానూ నడవసాగింది. కలిసి నడవకూడదన్నారు గాని వెనక ఉండకూడదనలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఉదయపు వేళ డాక్టర్లందరూ వార్డుల్లో ఉంటారు. వసారా వైపు తొంగిచూసేవారు లేరు.

కొత్త మాత్రల పరిశోధనలో చేరిన నలభై ఒక్కమందిలో ఒకామె హాస్టల్ వంటమనిషి. వయసు ముప్పై ఎనిమిది, నోరు చురుకు. ఆమె మొదటి నడక మూడువందల యాభైరెండు మీటర్లు. మాత్రలు మొదలైన మూడు నెలలకు మూడువందల డెబ్భైఒకటి. ఆరు నెలలకు మూడువందల అరవైఆరు. మందు పనిచేస్తున్నదని అందరూ సంతోషించారు. తొమ్మిదో నెల నడక వచ్చేనాటికి నడకమ్మ కూతురి కాన్పుకని మూడు వారాలు సెలవులో ఉంది. ఆమె స్థానంలో ఒక సీనియర్ నర్సు పరీక్ష జరిపింది.

సెలవు ముగించి వచ్చిన రోజునే ఆ నర్సు ఎదురైంది.

"వచ్చావా తల్లీ! నీ వంటావిడ నా కొంప ముంచింది."

"ఏమైంది?"

"రెండొందల ఎనభైఎనిమిది. అంతే నడిచింది. పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, స్టాప్‌వాచీ సరిగ్గానే నొక్కారా అని అడిగారు. ఇరవైరెండేళ్లు పసిపిల్లలకి నరం వెతికి సూది వేసిన చెయ్యి ఇది, బొత్తాం నొక్కడం రాదా?"

"నువ్వెక్కడున్నావ్ అప్పుడు?"

"ఎక్కడుంటాను? కుర్చీలో. కాగితంలో అలాగే ఉందిగా. నీలాగా కాలుకాలిన పిల్లిలా తిరగడం నా వల్ల కాదమ్మా."

నవ్వుతూ అన్న మాటే. నడకమ్మ ముఖం పాలిపోయింది.

పెద్ద డాక్టరుగారు ఆమెను గదిలోకి పిలిచారు. దూరం నూటికి పదిహేను పాళ్లకు మించి తగ్గితే, రెండు వారాలలోగా మరోసారి నడిపించి చూడాలనీ, అప్పుడూ తగ్గితేనే స్కానింగూ మెడగొట్టం పరీక్షా గడువు కంటే ముందే జరపాలనీ నియమం.

"ఆవిడ చేసింది లెక్కలోకి తీసుకోలేను. అలవాటు లేని పని. రేపు మీరే చెయ్యండమ్మా. మీ చేతి లెక్కయితే నాకు నమ్మకం" అన్నారాయన.

ఆ సాయంత్రం ఆమె వంటగది నుంచి వాకిలికి, వాకిలి నుంచి వంటగదికి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. కుళాయి కట్టేసి మళ్లీ వెళ్లి చూసింది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెట్టింది.

"ఏమిటో చెప్పు, లేదా కూర్చో" అన్నాడు భర్త.

చెప్పింది. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"అంటే ఆవిడ నడిచిందా, నువ్వు నడిపించావా?"

"అదే తెలియడం లేదు."

"చెబితే?"

"ఉద్యోగం పోవచ్చు. నలభై ఒక్కమంది నడకలు నావే."

"చెప్పకపోతే?"

ఆమె మళ్లీ వాకిలి దాకా వెళ్లింది.

మరునాడు ఉదయం వంటావిడ వచ్చీ రాగానే నడకమ్మ చెయ్యి పట్టుకుంది.

"వచ్చేశావా అక్కా, బతికించావు! ఆవిడేమిటి, రాయిలా కూర్చుంది. నువ్వుంటే నా కాళ్లు వాటంతటవే పోతాయి."

"నేను వెనకుంటే ఏమిటి తేడా?"

"నీ చెప్పుల టపటప వినబడితే ఎవరో తరుముతున్నట్టే ఉంటుంది. ఆగబుద్ధి కాదు!" అని పకపకా నవ్వి, ఆ నవ్వుకే ఆయాసపడి గోడకు ఆనుకుంది. కాస్త తేరుకుని గొంతు తగ్గించింది. "ఈసారి మంచి అంకె రాయించు. తగ్గితే నడుముకి మందు పంపు కడతారట. రాత్రీ పగలూ మందు ఒంట్లోకి పోతూనే ఉంటుందట. ఆ మిషను పెట్టుకుని పొయ్యిల దగ్గర ఎలా తిరగను? మర్నాడే వేరే మనిషిని పెట్టుకుంటారు."

నడకమ్మ చూపు ఆమె పాదాల మీద ఆగింది. చెప్పు పట్టీ చివరి రంధ్రానికి పెట్టి ఉంది. అయినా పట్టీకి ఇరువైపులా చర్మం ఉబ్బి ఉంది.

ఆమె నర్సును పిలిచి, చక్రాల కుర్చీతో అవతలి కోను దగ్గర నిలబడమని కోరింది. నాలుగేళ్ల క్రితమే చేయవలసిన ఏర్పాటు అది. ఆ తరువాత తాను కుర్చీలో కూర్చుని వాచీ నొక్కింది.

మొదటి నిమిషం ముగిసేసరికి వంటావిడ వెనక్కి చూసింది.

"అక్కా, రావేం?"

"బాగా చేస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలు ఉన్నాయి" అన్నది నడకమ్మ, అచ్చులో ఉన్నట్టు.

"అదేం మాట? నన్ను మీరంటావేంటి?"

రెండో నిమిషానికి అడుగు కురచబడింది. మూడో నిమిషంలో వంటావిడ చెయ్యి గోడను తడుముతూ సాగింది. నడకమ్మ మడమలు నేలమీద నిలవడంలేదు. కుర్చీ కింది కడ్డీని ఎడమచేత్తో బిగించి పట్టుకుంది. నాలుగో నిమిషంలో వంటావిడ పూర్తిగా ఆగి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగిపోయింది. వాచీ ఆపకూడదు. నర్సు చక్రాల కుర్చీని రెండడుగులు ముందుకు తోసింది. వంటావిడ వద్దని చెయ్యి ఊపి మళ్లీ కదిలింది. ఆరో నిమిషం ముగిసేసరికి రెండువందల డెబ్భైనాలుగు మీటర్లు.

"నువ్వు కూడానా అక్కా!" అన్నది వంటావిడ, ఊపిరి అందగానే.

నడకమ్మ ఆ కాగితంతో నేరుగా పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్లింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నర్సు లెక్క సరైనదే సార్. తప్పు నాది. రోగుల వెనక నేను నడుస్తున్నాను. నా అడుగుల చప్పుడుకి వాళ్లు తొందరపడుతున్నారు."

"ఎప్పటినుంచి?"

"నాలుగేళ్లు."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "మందు పనిచేస్తోందని రాశామమ్మా మనం."

"కొంత మందు పని సార్. కొంత నా చెప్పుల పని. నన్నేం చేస్తారో తరవాత చూద్దురుగాని, ఆవిడకి ముందు స్కానింగు చేయించండి. కాళ్లు చూడండి ఒక్కసారి."

ఆ మధ్యాహ్నమే స్కానింగు జరిగింది. గుండె కుడిగది సాగి, మధ్యగోడను ఎడమగది మీదికి నెట్టేస్తున్నది. మరునాడు మెడగొట్టం ద్వారా కొలిస్తే ఊపిరితిత్తుల నాళాలలో ఒత్తిడి ఏడాదికిందటి కంటే బాగా పెరిగి ఉన్నది. ఆ రోజే మందు పంపు అమర్చారు.

విచారణ ముగిసేవరకు నడకమ్మను పరీక్షల నుంచి తప్పించారు. నలభై ఒక్కమందినీ మళ్లీ నడిపించాలని, పాత దూరాలను ఫలితాలలో చేర్చరాదని ఉత్తరువు వచ్చింది. ఆమెకు ఫైళ్లు సర్దే పని అప్పగించారు. అరగంటకొకసారి ఏదో ఒక సాకుతో లేచేది.

ఐదోనాడు ఆమె వార్డులోకి వెళ్లింది. వంటావిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"నా పొట్ట కొట్టావు కదా అక్కా."

"కొట్టాను."

"హాస్టల్లో అప్పుడే ఎవరినో పెట్టేశారట. దానికి చారు కాచడం కూడా రాదని కబురొచ్చింది."

"అడగమంటావా వాళ్లని? కూర్చుని చేసే పని ఏదైనా..."

"నువ్వా? కూర్చునే పని గురించి నువ్వడుగుతావా?" వంటావిడ పెదవి కొస ఒక్క క్షణం కదిలింది, అంతలోనే బిగిసింది. కాళ్లు మంచం కిందికి దించింది. పాదాల వాపు కొంత తీసింది. "బాత్‌రూం దాకా వెళ్లాలి. నర్సు ఒక్కదాన్నే వెళ్లద్దంది. ఈ సంచీ పట్టుకో, గొట్టం లాగకు."

నడకమ్మ పంపు సంచీ అందుకుని, అలవాటు కొద్దీ ఆమె వెనక్కి చేరింది.

"వెనక రాకు! నీ చప్పుడు ఇంక వినలేను. పక్కనుండు."

ఇద్దరూ మంచాల మధ్య నుంచి బయలుదేరారు. నాలుగో మంచం దగ్గర వంటావిడ ఆగింది. నడకమ్మ కూడా ఆగింది. ఆమె కుడికాలు మాత్రం నిలబడినచోటే ఆడుతూ ఉంది.