ఎర్రగీత కింది పేరు

ఆళ్లగడ్డలో కిరాణా కొట్టువాళ్ల ఇంట్లో పుట్టి, తక్కెడ పట్టకుండా పెన్ను పట్టిన మనిషి గురుప్రసాద్ ఒక్కడే. అందుకు వాళ్ల నాయన హనుమంతయ్య పోయేదాకా తిడుతూనే ఉన్నాడు. ఇరవై ఏడేళ్లు మా పత్రికకు ఆళ్లగడ్డ విలేకరి. నేను నంద్యాల డెస్కులో ఆయన వార్తలు దిద్దేవాణ్ణి. పత్రిక ఏడాది కిందట మూతపడింది.

కొత్తల్లో ఆయన వార్తలు కవర్లో పెట్టి నంద్యాల బస్సు కండక్టరుకు ఇచ్చేవాడు. నేను బస్టాండుకు పోయి తెచ్చుకునేవాణ్ణి. ప్రతి వార్త కిందా గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసుకునేవాడు. ఊరి విలేకరుల పేర్లు వేయకూడదని మా రూలు. అందుకని ముందు ఆ పేరు మీద ఎర్రగీత గీసి, ఆ తర్వాతే వార్త చదివేవాణ్ణి. అంత నిష్ఠ నాది, తగలబడ!

ఆ ఉద్యోగంలో ఆయన వెనకేసుకున్నది ఒక రేకుపెట్టె. అందులో ఓట్ల లెక్కింపు పాసులు, నాయకులు మెడలో వేసిన అన్ని రంగుల కండువాలు, చాగలమర్రి సభలో ఆయన కనుబొమ్మ చీల్చిన రాయి ఉన్నాయి. రాయిని కూడా దాచుకుంటారా అని మేము నవ్వేవాళ్లం. పేపర్లు మాత్రం నెలనెలా తూకానికి వేసేసేవాడు. తన పేరు లేని పేపరు దాచుకుని ఏం చేసుకుంటాడు?

ఇప్పుడు ఆయన భార్య శారదమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు నంద్యాలలో డయాలసిస్. విలేకరుల ఆరోగ్య కార్డు ఉంది కాబట్టి ఆమె బతికి ఉంది. ఆ కార్డు గడువు శనివారంతో సరి. పత్రిక ఉన్నన్నాళ్లూ దాని ఉత్తరం చాలేది; ఇప్పుడు పొడిగించాలంటే పేరుతో అచ్చయిన పాత వార్తలు చూపించాలన్నారు.

గురువారం ఆమెను ఆస్పత్రిలో పడుకోబెట్టి, పెట్టె ఆటోలో వేసుకుని, నన్నూ వెంటబెట్టుకుని ఆ కార్డులిచ్చే సమాచార శాఖ ఆఫీసుకు వెళ్లాడు. అధికారి వినీత ఓపికగా ఒక్కొక్కటీ తీసి చూసింది. పాసుల మీద పత్రిక పేరుంది, మనిషి పేరు లేదు. కండువాలు చూసి, మీరు ఏ పార్టీలో ఉండేవారని అడిగింది. వెటకారం కాదు, తెలియక అడిగింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు గురుప్రసాద్ పెట్టె అడుగు నుంచి ఒక కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగితే ఎప్పుడో అన్నం మెతుకులతో అతికించుకున్నాడు. అవుకు రైతుల ధర్నా మీద తన చేత్తో రాసిన వార్త అది. ఆయన వార్తల్లో మొదటి పేజీకి ఎక్కింది అదొక్కటే. అచ్చయ్యాక ఆ కాగితం నన్నడిగి తీసుకున్నాడు.

"ఈడ చూడమ్మా, ఉండాది నా పేరు."

ఉంది, ఎర్రగీత కింద. ఎవరు కొట్టేశారని వినీత అడిగింది. నేనే అన్నాను. ఆ వార్తలన్నీ ఈయనవేనని రాసిస్తానన్నాను. మూతపడిన పత్రిక తరఫున నా సంతకం చెల్లదని చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఆమెకూ కష్టంగానే ఉంది.

మెట్లు దిగుతుండగా శారదమ్మ ఫోను చేసింది, పని అయిందా అని.

"అయిపాయలే. నువ్వు పండుకో," అన్నాడు గురుప్రసాద్.

ఫోను జేబులో పెట్టుకుని, ఆ కాగితం నా చేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టుకోప్పా. గీసినోడివి నువ్వే గదా. ఎట్లా చెరుపుతావో చూడు. శనివారం దాకా బతికుంటాది ఆయమ్మ."