పేరు చదవని తంబూరా

ఒట్టు పెట్టే అలవాటు మా ఇంట లేదు. చెప్పిన మాటే ఒట్టు అనుకునేవాళ్లం. అయినా ఈ ఒక్కటి నమ్మండి... ఈ రెండు చెవులతో విన్నాను.

విజయవాడలో శాస్త్రీయ సంగీతం మాత్రమే వేసే రేడియో స్టేషన్‌లో నేను క్యాజువల్ అనౌన్సర్‌ని. ఒకప్పుడు విద్వాంసులు కచేరీ పిలుపు కోసం మా దివాణం గుమ్మంలో నిలబడేవారు. ఇప్పుడు డ్యూటీ పిలుపు కోసం స్టేషన్ గుమ్మంలో నేను నిలబడతాను. సరే. అదలా ఉంచండి.

ఆ రాత్రి పాత గాత్ర కచేరీ ఒకటి వేయాలి. టేపు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినది. టేపు పెట్టెలో ఉన్న కాగితం నా చేతికిచ్చారు. గాత్రం, వయొలిన్, మృదంగం... అన్నిటికన్నా కింద తంబూరా. ఆ పేరు దగ్గర నా కన్ను ఆగిపోయింది.

రాజ్యలక్ష్మి. ఇంటిపేరు మాది. మా నాయనమ్మ.

ఆ రోజుల్లో నాయనమ్మ వారానికి మూడుసార్లు బెజవాడ వచ్చేదట. బంధువుల పిల్లలకు పాట నేర్పడానికని ఇంట్లో చెప్పేవారు. నేనూ అందరికీ అదే చెప్పాను. దివాణం కోడలు కూలికి తంబూరా మీటిందని ఏ నోటితో చెప్పను?

డ్యూటీ ఆఫీసర్ పద్మగారు నా భుజం మీంచి కాగితంలోకి చూశారు.

"మీ ఇంటిపేరేనండీ! చుట్టాలా?"

"కాదండీ. ఆ ఇంటిపేరు వాళ్లు చాలామంది ఉన్నారు."

"అంతేలెండి. రాజావారి చుట్టాలు తంబూరా పట్టుకుని మూల కూర్చుంటారా ఏంటి!" అని నవ్వారు.

తంబూరా వేసేవారి పేరు చదవడం ఎలాగూ మా దగ్గర ఆనవాయితీ కాదు. మిగతా ముగ్గురి పేర్లూ చదివాను. పద్మగారు డ్యూటీ దిగి వెళ్లిపోయారు. ఆ అంతస్తులో నేనొక్కణ్ణే.

మంగళం అయింది. తెరమీద ఫైలు ఆగింది.

తంబూరా ఆగలేదు...

శబ్దం తగ్గించే ఫేడర్ కిందికి లాగాను. మోగుతూనే ఉంది. హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాను. మోగుతూనే ఉంది. శబ్దం కొలిచే మీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గర కదలకుండా పడుకుని ఉంది.

ప... స... స... స...

నాలుగో తీగ తర్వాత చిన్న విరామం. ఎవరో ఊపిరి తీసుకున్నట్టు. మళ్లీ మొదటి తీగ... నాయనమ్మ చివరి రోజుల్లో మంచం పట్టెమీద వేళ్లతో అలాగే కొట్టేది. నాలుగు దెబ్బలు... ఊపిరి... నాలుగు దెబ్బలు. అదేమిటని మేమెవరమూ అడగలేదు.

ఫోన్ మోగింది. ఉలిక్కిపడ్డాను. కూచిపూడి నుంచి సుబ్రహ్మణ్యం మాస్టారు. నాట్యం నేర్పే పెద్దాయన. మా ప్రసారంలో తప్పులు పట్టనిదే ఆయనకు నిద్రపట్టదు.

"ఏమయ్యా, పాట అయిపోయినా తంబూరా అలా వదిలేశావ్? కునుకు తీస్తున్నావా?"

"మీకు... వినబడుతోందా మాస్టారూ?"

"నాకేమన్నా చెవుడా? బ్రహ్మాండంగా ఉంది శ్రుతి. ఎవరయ్యా ఆవిడ? పేరు చదవలేదేం?"

ఆడమనిషని నేను చెప్పలేదు...

ఫోన్ పెట్టేశాను. గదిలో ఆ శ్రుతి, నేను. చివరికి మైకు తెరిచాను.

"తంబూరా... రాజ్యలక్ష్మిగారు" అన్నాను. "మా నాయనమ్మ."

తీగ సగంలో ఆగింది. వేలు అడ్డం పెట్టినట్టు.

మర్నాడు పద్మగారు రాత్రి ప్రసారం రికార్డు వేసి వినిపించారు. మంగళం తర్వాత తంబూరా లేదు. నాలుగు నిమిషాల నిశ్శబ్దం. దాని మధ్య నా మాట ఒక్కటే.

"కాదన్నారు కదండీ" అన్నారామె మెల్లగా. ఈసారి నవ్వలేదు.

"అబద్ధం చెప్పానండీ."

బయటికొచ్చి మాస్టారికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, రాత్రి నేను పేరు చెప్పగానే తంబూరా ఆగిపోయింది కదా?"

"ఆగడమేంటయ్యా? పేరు విన్నాను, రేడియో కట్టేసి పడుకున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా మోగుతూనే ఉందిగా. అంత హాయిగా పడుకుని ఎన్నేళ్లయిందో!"

నేనేం విన్నానో నాకు తెలియదు. ఆయనేం విన్నారో అంతకన్నా తెలియదు. ఇప్పటికీ కచేరీ అయ్యాక కాసేపు కదలకుండా కూర్చుంటాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ ఉండదు...

పేరు చెప్పింది నేను. మరి నా దగ్గరే ఎందుకు ఆపేసింది?